వీరశైవులును వారి ప్రతిపక్షులును



మన దక్షిణ తెలంగాణపు మెట్టసీమలో ఏ పాత గ్రామమునకు వెళ్లినను ఒక శివాలయమును, దానికి పూజ చేయు జంగమ కుటుంబమును, కొన్నిచోట్ల ఒక వీరభద్రుని గుడియు కానవచ్చును. చెఱువుగట్టుననో, పొలముగట్టుననో దిగంబరమై నిలుచున్న యొక శిలావిగ్రహము గూడ అక్కడక్కడ కనబడును. ఊరివారు దానికి ఏదో యొక గ్రామదేవత పేరు పెట్టి పసుపు కుంకుమలు పూయుదురు. లేదా పేరైన పెట్టక విడుతురు. అది జైన తీర్థంకరుని ప్రతిమ. ఒకప్పుడు ఈ సీమలో ఆ తీర్థంకరునికి గుళ్లును, గురువులును, భూములును ఉండెను. ఇప్పుడు లేవు. ఎట్లు పోయినవని యడిగినచో ఊరి పెద్దలు ఒకే మాట చెప్పుదురు: శైవులు వారిని గానుగలలో పెట్టి ఆడించిరి అని. ఈ మాట ఎంతవరకు నిజము? వీరశైవులు తమ ప్రతిపక్షులను ఏ దృష్టితో చూచిరి, వారిని ఏ విధముగా ఎదుర్కొనిరి? ఈ ప్రశ్నలను నేటి ప్రసంగమున విచారింతము.

ముందుగా మన సీమయొక్క పూర్వస్థితిని చెప్పవలెను. షాద్‌నగరమునుండి దక్షిణముగా కర్నూలు బాటను పోయినచో జడ్చర్ల వచ్చును. దానికి చేరువనున్న అల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి యను ఇటుకల కట్టడము కలదు. అది జైనాలయము. ఈ దేశమున రాతిగుళ్లు అనేకములు నిలిచినవి గాని అంత ప్రాచీనమైన ఇటుకగుడి నిలుచుట మిక్కిలి అరుదు. పాలమూరు సీమలోని ఉజ్జిలి గ్రామ శాసనములు అక్కడి జినాలయమును పేర్కొనుచున్నవి. నల్లగొండ సీమలోనిదై, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన కొలనుపాక అన్నిటికంటె ప్రసిద్ధమైన జైనక్షేత్రము. హనుమకొండలో నేడు పద్మాక్షిదేవి కొలువైయున్న గుట్టమీద 1117వ సంవత్సరమున కాకతీయుల మంత్రి బేతన భార్య మైలమ ఒక జైనబసదిని నిర్మించినట్లు అచ్చటి శాసనమే చెప్పుచున్నది. నాడు ఈ భూములన్నియు కల్యాణి చాళుక్యుల యేలుబడిలోనివి. వారి సామంతులైన కందూరు చోడులు కందూరు, పానుగల్లు మొదలైన చోట్లనుండి ఈ ప్రాంతమును పాలించిరి. వారికాలమున శివాలయమును జినాలయమును ఒకే నగరములో నిలిచియుండుట వింతగాదు. రాజులు రెంటికిని దానములిచ్చిరి.

ఇట్టి కాలమున, 12వ శతాబ్ది మధ్యభాగమున, కల్యాణ నగరమున బసవేశ్వరుడు ప్రసిద్ధికెక్కెను. అది నేడు కర్ణాటకములోని బీదరు జిల్లాలో బసవకల్యాణ మను పేర నున్నది. చాళుక్యుల రాజధానియగుటచేత అది మన పాలమూరు, నల్లగొండ సీమలకు గూడ రాజధానియే. చాళుక్యులను త్రోసి సింహాసనమెక్కిన కలచురి బిజ్జలునివద్ద బసవేశ్వరుడు ఉన్నతాధికారమున నుండి, మెడలో ఇష్టలింగమును ధరించిన వారందఱును సమానులే యని చాటెను. చాకలి మాచయ్య, కుమ్మరి గుండయ్య, చెప్పులు కుట్టు హరళయ్య మొదలైనవారు ఆ సమాజమున గౌరవపాత్రులైరి. భక్తుని కులమడుగరాదు, జంగముడు శివుని రూపము, చేయు పనియే పూజ. యజ్ఞములు లేవు, గుళ్లు అవసరము లేదు. ఆ కాలమున ఇంతకంటె పెద్ద విప్లవము ఊహించుట కష్టము.

ఈ ఉద్యమమును తెలుగునకు తెచ్చిన మహాకవి పాల్కురికి సోమనాథుడు. ఆయన పుట్టిన పాలకుర్తి నేడు జనగామ జిల్లాలో నున్నది. ఏడు ఆశ్వాసముల బసవపురాణమును, అయిదు ప్రకరణముల పండితారాధ్య చరిత్రమును ద్విపదలో వ్రాసి, పల్లెలలోనివారు గూడ పాడుకొనదగిన తెలుగులో భక్తుల కథలను చెప్పెను. బసవపురాణమును 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారును, పండితారాధ్య చరిత్రమును 1939లో చిలుకూరి నారాయణరావుగారును పరిష్కరించి ఆంధ్రగ్రంథమాలలో ప్రకటింపజేసిరి. వీరశైవులు తమ శత్రువులను ఎట్లు చూచిరో తెలిసికొనుటకు మనకు ప్రధానమైన ఆధారములు ఈ రెండు గ్రంథములే.

ఆ గ్రంథములలో మొట్టమొదట గమనింపవలసిన మాట ‘భవి’ యనునది. లింగధారణము లేనివాడు భవి. వాడు బ్రాహ్మణుడైనను, రాజైనను, శివాలయమునకు నిత్యము వెళ్లువాడైనను భవియే. భవితో పంక్తిభోజనము లేదు, వివాహము లేదు. మడివాలు మాచయ్య భక్తుల వస్త్రములను మాత్రమే ఉతుకును. ఆ మూటను భవి తాకుటకు సహింపడు. ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. అంతవరకు సమాజమును విభజించిన గీటు పుట్టుక. వీరశైవులు ఆ గీటును చెఱిపివేసిరి; కాని గీటే లేని సమాజమును కట్టలేదు. పుట్టుకకు బదులు దీక్షను గీటుగా పెట్టిరి. చాకలివాడు లోపలికి వచ్చెను. వేదపండితుడు వెలుపలికి పోయెను. లోపలివారికి ఎంత అనురాగము చూపిరో, వెలుపలివారికి అంత కాఠిన్యము చూపిరి. ఈ రెండును ఒకే సిద్ధాంతమునుండి పుట్టినవి.

ఆ కాఠిన్యమునకు శాస్త్రీయమైన పేరు గూడ కలదు. వీరశైవులకు లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము అని పంచాచారములు. వీనిలో భృత్యాచారము వినయమును బోధించును: భక్తులందఱి కంటె తాను చిన్నవాడనని తలంచుట. గణాచారము దానికి ప్రక్కననే నిలిచి శౌర్యమును బోధించును: శివనిందను, భక్తనిందను విని ఊరకుండరాదు. వారించవలెను, లేదా ఆ చోటు విడువవలెను, అంతకును తెగించినచో ప్రాణము తీయవలెను లేదా ప్రాణము విడువవలెను. ఒకే మనుష్యుడు భక్తునియెదుట భృత్యుడు, నిందకునియెదుట గణనాథుడు. దీనికి మూలకథ దక్షయజ్ఞము. శివుని పిలువక యజ్ఞము చేసిన దక్షుని తల తెగెను, తెంచినవాడు వీరభద్రుడు. వీరభద్రుని పల్లకియెదుట ఖడ్గము పట్టి శరభ శరభ యని ఎగురు భక్తుడు ఆ కథను తన దేహముతో మరల చెప్పుచున్నవాడే. శివుని నిరాకరించు ప్రతివానిలోను దక్షుని చూచుట వీరశైవుని శత్రుదృష్టికి పునాది.

మఱి ఆ కాలమున దక్షులెవరు? జైనులు, బౌద్ధులు, చార్వాకులు, వైష్ణవులు, అద్వైతులు, కర్మఠులైన వైదికులు - అందఱును. అయినను కన్నడ దేశమున వీరశైవుల కోపమునకు మొదట గుఱియైనవారు జైనులు. ఏలయని ఆలోచించినచో ఒక విచిత్రము తోచును. జైనులు యజ్ఞహింసను నిరసించిరి. వీరశైవులును యజ్ఞములను కాదనిరి. జైనులు మాంసాహారమును వర్జించిరి, వీరశైవులును వర్జించిరి. జైనులు కన్నడమున గొప్ప సాహిత్యమును సృష్టించిరి. వీరశైవులును దేశభాషనే పట్టిరి. జైనులకు నగరములలోని వర్తకులును, వృత్తులవారును అండ. వీరశైవులకును వారే కావలెను. పోలికలేని మతముతో పోటీ యుండదు. దూరపు పగవానికంటె దాయాది పగ గట్టిది; అన్నదమ్ములకు తగవు వచ్చునది ఒకే పొలమును గూర్చియే గదా. తెలుగు దేశమున ఈ తగవు కొంత మాఱినది. ఇచ్చట సోమనాథుని కోపము జైనులమీద ఎంత యున్నదో, తన సమకాలమున రాజసభలను అలంకరించిన వైదికపండితులమీద అంతకు తక్కువగా లేదు.

ఇట్టి ప్రతిపక్షులను ఎదుర్కొనిన మార్గములు మూడు: వాదము, మహిమ, శస్త్రము.

గౌతముని న్యాయశాస్త్రమున మాటల పోరు మూడు విధములుగా చెప్పబడినది. తత్త్వమును తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుచుటకు మాత్రమే చేయునది జల్పము. తనకు పక్షమే లేక ఎదుటివానిని ఖండించునది వితండ. ఈ మూడింటి భేదమును చిన్ననాడే పాఠము చెప్పుదురు. పెద్దవారైన పిమ్మట పాటించువారు అరుదు. మల్లికార్జున పండితారాధ్యుడు ఈ శాస్త్రములన్నిటిని చదివిన బ్రాహ్మణుడు. శివతత్త్వసారమును రచించినవాడు, బసవేశ్వరునికి సమకాలికుడు. ఆయన భక్తిలో ఎవరికిని తీసిపోడు. అయినను బ్రాహ్మణ్యమును విడువలేదు. ఆయన మార్గమున నడచిన ఆరాధ్యులు నేటికిని లింగమును, యజ్ఞోపవీతమును రెంటిని ధరించుచున్నారు. పండితారాధ్య చరిత్రములో ఒక ప్రకరణమునకు వాదప్రకరణమనియే పేరు. వెలనాటి చోడరాజు సభలో, చందవోలున, బౌద్ధాచార్యునితో పండితుడు వాదము చేసెనని సోమనాథుడు చెప్పెను. అందు ప్రతిపక్షుల మతములు ఒకటి వెంట నొకటి పూర్వపక్షముగా నిలుపబడి ఖండింపబడినవి. పూర్వపక్షమును చెప్పకుండ సిద్ధాంతము చేయరాదను శాస్త్రమర్యాదను సోమనాథుడు ఇంతవరకు పాటించెను.

కాని ఆ కథ అక్కడ ఆగలేదు. ఓడిన బౌద్ధుడు శివనింద చేయగా పండితుని శిష్యులు అతనిని చంపిరి. వాదములో గెలిచినవారు చంపుట ఎందులకు? గణాచారము ప్రకారము వాదము వేఱు, నింద వేఱు; వాదమునకు ఉత్తరము మాట, నిందకు ఉత్తరము శస్త్రము. కాని వాదమెక్కడ ముగిసి నింద ఎక్కడ మొదలిడునో నిర్ణయించువారెవరు? విన్నవారే. అనగా ఒక పక్షమువారే న్యాయాధిపతులు. రాజు ఈ హత్యకు కోపించి పండితుని కన్నులు తీయించెననియు, శివుని దయవలన ఆయనకు చూపు మరల వచ్చెననియు, ఆయన రాజును శపించి వెడలిపోయెననియు కథ చెప్పుచున్నది. ఈ కథను కీర్తిగా చెప్పిన కవియే, తన పక్షమువారు చేసిన హత్యను దాచలేదు. దాచవలసిన పనియని ఆయనకు తోచలేదు. చరిత్ర చదువువారికి ఇది విలువైన సాక్ష్యము. అట్టి హత్య జరిగినదో లేదో మనము చెప్పలేము. అట్టి హత్యను పుణ్యముగా తలంచిన మనస్సు ఆ కాలమున ఉండెనని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును.

రెండవ మార్గము మహిమ. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము ఏకాంత రామయ్య కథ. ఇది పురాణమున మాత్రమేగాక, కర్ణాటకములోని అబ్బలూరున 1200 ప్రాంతపు శాసనములో గూడ ఉన్నది. రామయ్య జైనులతో పందెము వేసెను: నా తల నేనే కోసికొందును, శివుడు దానిని మరల అతికించినచో మీ జినుని తీసి అక్కడ శివుని నిలుపవలెను. జైనులు తాటాకుమీద ఒప్పందము వ్రాసియిచ్చిరి. రామయ్య తల కోసికొనెను. ఏడవనాటికి తల అతికెను. జైనులు మాట తప్పగా రామయ్య జినబింబమును పగులగొట్టెను. జైనులు బిజ్జలునితో మొఱపెట్టుకొనిరి. రామయ్య మరల పందెమునకు సిద్ధపడెను. జైనులు వెనుకకు తీసిరి. అప్పుడు బిజ్జలుడు రామయ్యకు జయపత్రమిచ్చి, ఆలయమునకు గ్రామము దానము చేసెను.

ఈ శాసనమును బసవపురాణము ప్రక్కన పెట్టి చదివినచో ఒక గొప్ప సత్యము బయటపడును. పురాణమున బిజ్జలుడు భక్తద్రోహి. అల్లయ్య, మధువయ్య లను నిరపరాధులైన భక్తుల కన్నులు తీయించినవాడు. జగద్దేవుడు, మల్లయ, బొమ్మయ అను భక్తులు గణాచారమును నెఱపి అతనిని వధించిరి. శాసనమున అదే బిజ్జలుడు శైవుని గౌరవించి జయపత్రమిచ్చిన ధర్మప్రభువు. కన్నడ కథలలో మధువరసు కూతును హరళయ్య కొడుకునకిచ్చి పెండ్లి చేసినందులకు రాజు కోపించెనని కలదు. జైనుల కథలలో తప్పంతయు బసవేశ్వరునిది. రాజు విషముచేత చంపబడెను. బసవేశ్వరుడు పారిపోయి నూతిలో పడెను. మూడు పక్షములకును మూడు బిజ్జలులు. 1167లో బిజ్జలుని పాలన ముగిసి కుమారుడు సోవిదేవుడు రాజ్యమునకు వచ్చెనని శాసనములవలన తెలియుచున్నది. ఒక రాజ్యాపహర్త అందఱు మతములవారిని సంతోషపెట్టవలసిన స్థితిలో నుండి, చివరకు ఎవరిని సంతోషపెట్టలేక నశించెనని అనుకొనుట సహజము. కాని పురాణమునకు అట్టి రాజు పనికిరాడు. దానికొక దక్షుడు కావలెను. శత్రువు కొంత మంచివాడైనచో కథ నడువదు.

మూడవ మార్గము శస్త్రము. ఇక్కడ గూడ ఒక భేదము చూపవలెను. వీరశైవుని శస్త్రము మొదట తన దేహముమీదనే పడెను. శ్రీశైలమున 14వ శతాబ్ది చివరిభాగమున కొండవీటి అనవేమారెడ్డి వీరశిరోమండపమును కట్టించెను. అచ్చట భక్తులు తమ తలలను, నాలుకలను ఖండించుకొని శివునకు అర్పించుచుండిరి. నేడు వినుటకు భయంకరముగా నున్నను, తన ప్రాణమును తృణముగా చూచినవాడు ఇతరుల ప్రాణమును గూడ అట్లే చూచుటలో ఆశ్చర్యము లేదు. ఈ తెగింపే వారి బలము. అదియే వారివలన ఇతరులకు కలిగిన భయము.

ఆ శ్రీశైలముననే మల్లికార్జునస్వామి ముఖమండప స్తంభములమీద 1512వ సంవత్సరమునాటి సంస్కృత శాసనమొకటి కలదు. శాంతుని కుమారుడు లింగడను నాయకుడు స్వామికి చేసిన కైంకర్యములు అందు వివరముగా వ్రాయబడినవి. ఆ పుణ్యకార్యముల వరుసలోనే, శ్వేతాంబర జైనుల తలలు ఖండించుట గూడ ఆయన కీర్తిగా చెప్పబడినది. శ్రీకృష్ణదేవరాయలు రాజ్యము చేయుచున్న దినములవి. పురాణమును అతిశయోక్తియని త్రోసివేయవచ్చును. రాతిమీద వ్రాయించుకొనిన గొప్పను అంత సులభముగా త్రోయరాదు. ఎందఱిని చంపెనో శాసనము చెప్పలేదు. కొంత బిరుదుల ధోరణి యుండవచ్చును. అయినను ఒక మనుష్యుడు తన దేవునియెదుట ఏమి చెప్పుకొని గర్వించెనో అది ఆ కాలపు మతోన్మాదమునకు కొలమానము. దీనిని దాచుట చరిత్రకు ద్రోహము.

ఇక మొదట చెప్పిన గానుగల మాట. మెకంజీదొర 1800 ప్రాంతమున సేకరింపజేసిన గ్రామకైఫియతులలో జైనులను గానుగలలో ఆడించిరను కథలు కలవు. కాసె సర్వప్ప వ్రాసిన సిద్ధేశ్వర చరిత్రములో, తిక్కన సోమయాజి గణపతిదేవుని సభలో జైనబౌద్ధులను జయించెననియు, రాజు వారిని శిక్షించెననియు కలదు. తమిళమున 12వ శతాబ్దినాటి పెరియపురాణము, అంతకు అయిదు శతాబ్దుల పూర్వము మధురలో 8000 మంది జైనులు కొఱ్ఱులెక్కిరని చెప్పెను. ఇవన్నియు సంఘటనలు జరిగినవనబడు కాలమునకు చాల తరువాత వ్రాయబడినవి. చంపబడినవారి పక్షమున, ఆ కాలముననే వ్రాసిన సాక్ష్యము లేదు. కావున గానుగల కథను అక్షరాల నమ్మరాదు. అట్లని జైనులు ఏ బాధయు పడలేదనియు చెప్పరాదు. అబ్బలూరు, శ్రీశైలము శాసనములు మన కన్నులయెదుటనే యున్నవి.

జైనము తగ్గుటకు ముఖ్యకారణము ఖడ్గముకంటె నెమ్మదియైనది. కాకతీయులు శైవగురువులను ఆశ్రయించిరి. రాజును చూచి సామంతులును మాఱిరి. 1261నాటి రుద్రమదేవి మల్కాపుర శాసనమును చూడుడు. గోళకీమఠమునకు చెందిన విశ్వేశ్వరశంభువు అచ్చట మఠముతోపాటు అన్నసత్రమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను నెలకొల్పెను. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు అన్నము నిషేధింపబడలేదు. గ్రామరక్షకు వీరభద్రులు, వీరముష్టులు అనువారు నియమింపబడిరి. ఇది వీరశైవముకంటె వేఱైన శైవశాఖయే. కాని పద్ధతిని గమనింపుడు. ఆహారము, అభయము, ఔషధము, శాస్త్రము అను నాలుగు దానములను జైనులు తమ ధర్మముగా చెప్పుకొనిరి. శైవమఠములు ఆ నాలుగింటిని తామే ఇచ్చుట మొదలిడిన పిమ్మట సామాన్యునకు బసదితో పని తగ్గెను. వర్తకసంఘములు శివభక్తిలో చేరెను. దానములు ఆగిన గుడి దీపము ఆఱిపోవుటకు ఎవరును కత్తి దూయనక్కఱలేదు. హనుమకొండ గుట్టమీది బసది ఇట్లే కాలక్రమమున పద్మాక్షి గుడియైనది. అమ్మవారి పేర జనులు వెళ్లుచునే యున్నారు.

మఱియొక పక్షమును గూడ వినవలెను. శత్రువులను సృష్టించుకొనినవారు వీరశైవులొక్కరే కారు. వారినిగూడ ఇతరులు శత్రువులుగా చూచిరి. పిడుపర్తి సోమనాథుడు తన పద్య బసవపురాణమున ఒక కథ చెప్పెను. ఓరుగంటి శివాలయమున భక్తులు బసవపురాణమును వినుచుండగా ప్రతాపరుద్రుడు వచ్చి అది యేమని యడిగెను. ఒక విప్రుడు, అది పతితుడైన పాల్కురికి సోముడు ద్విపదలో పెనచిన అప్రమాణమైన కృతియని చెప్పెను. రాజు వినకయే వెళ్లిపోయెను. ఇది కథయైనను, ఒక నిజమును చెప్పుచున్నది. చాకలివాని కథను, కుమ్మరివాని కథను, పామరుల ఛందస్సులో చెప్పినవానికి సభలో చోటు లేదు. చోటు దొరకనివాని గొంతులో కఱకుదనము ఉండును. సోమనాథుని పరుషవాక్యములను చదువునప్పుడు అవి సింహాసనముమీదనుండి వచ్చిన మాటలుగావనియు, వాకిటి వెలుపలనుండి వచ్చిన మాటలనియు జ్ఞాపకముంచుకొనవలెను. శ్రీశైల శాసనపు లింగడు మాత్రము వాకిటి వెలుపలివాడు గాడు. ఆయుధమును ధనమును గల నాయకుడు. అణగినవాని నోట ఆక్రోశమైన మాట, అధికారము గలవాని చేతిలో ఖడ్గమగును. మాట ఒక్కటియే, దానిని పట్టిన చేయి మాఱినది. వీరశైవ చరిత్రమునుండి ప్రతి మతమును నేర్వదగిన పాఠము ఇందే యున్నదని నా తలంపు.

పోరు చెప్పి సంధి చెప్పకుండుట న్యాయముగాదు. 1368లో విజయనగరపు బుక్కరాయలయొద్దకు జైనులు వైష్ణవులమీద మొఱపెట్టుకొనగా, ఆయన జైనుల చేతులను వైష్ణవుల చేతులలో పెట్టి, ఇరువురి దర్శనములకును భేదము లేదని శాసనము చేసెను. జైనులు ఇంటికొక హణము చొప్పున ఇచ్చిన ధనముతో శ్రవణబెళగొళకు కాపలావారిని నియమించు బాధ్యతను తిరుమల తాతయ్యయను వైష్ణవునకే అప్పగించెను. వీరశైవుల విషయమున 1638నాటి హళేబీడు శాసనము ఇంకను హృద్యమైనది. ఒక వీరశైవుడు పార్శ్వనాథుని బసదిలోని స్తంభముమీద లింగముద్ర వేసెను; ఒక జైనుడు దానిని చెఱిపెను. కలహము పెరిగెను. అప్పుడు వీరశైవ పెద్దలును జైనులును కూర్చుండి ఒప్పందము చేసికొనిరి. ముందు విభూతి తాంబూలముల మర్యాద జరిగిన పిమ్మట జైనులు తమ పూజను తమ విధిగా చేసికొనవచ్చును. జినధర్మమునకు అడ్డువచ్చువాడు శివునకు ద్రోహియగును అని వ్రాసికొనిరి. ముందు మర్యాద వీరశైవులకే దక్కినది. కావున ఇది సమానుల ఒప్పందము గాదు. అయినను శివద్రోహి యను మాటకు అర్థము ఎంత మాఱినదో చూడుడు. పూర్వము శివుని కాదన్నవాడు శివద్రోహి. ఇప్పుడు జైనుని బాధించువాడు శివద్రోహి. గణాచారమను కత్తిని వీరశైవులే తిప్పి పట్టిరి. తెలుగున తిక్కన సోమయాజి తన భారతమును హరిహరనాథునకు అంకితము చేసినదియు ఇట్టి సంధి ప్రయత్నమే.

మన కొలనుపాకయే దీనికి సజీవసాక్షి. అచ్చట సోమేశ్వరాలయము కలదు. రేణుకాచార్యుడు ఆ లింగమునుండియే ఉద్భవించెనని సిద్ధాంతశిఖామణి చెప్పుటచేత వీరశైవులకది పుణ్యక్షేత్రము. దాని చుట్టును వివిధ కులములవారి మఠములు వెలసినవి. కులము లేదన్న ఉద్యమపు నీడలో కులమునకొక మఠము లేచుట కాలముయొక్క వింత. ఆ ఊరిలోనే మాణిక్యస్వామి యని పిలువబడు ఆదినాథుని జైనాలయము కలదు. దేశపు నలుమూలలనుండి జైనులు అచ్చటికి నేటికిని వచ్చుచున్నారు. సోమేశ్వరుని దర్శించినవారు మాణిక్యస్వామినిగూడ చూచి వెళ్లుచున్నారు. ఒకరినొకరు తుడిచిపెట్టదలచిన రెండు మతములు ఒకే గ్రామపు నీరు త్రాగుచు బ్రతికియున్నవి.

నేటి జంగములును, ఆరాధ్యులును, లింగాయతులును సేద్యము చేసికొనుచు, వర్తకము చేసికొనుచు, మన పొరుగిండ్లలో మనవలెనే జీవించుచున్న సజ్జనులు. లింగడు చేసిన పద్దును వారి లెక్కలో వ్రాయుట అన్యాయము. అట్లే ఆ పద్దును పుస్తకమునుండి చింపివేయుటయు అన్యాయమే. బసవపురాణమును చదువుడు. గుండయ్య కుండ వాయించుచు ఆడిన ఆటకు శివుడే ఆడెనను కథను చదివి సంతోషింపుడు. భవి యను మాట వచ్చినప్పుడు మాత్రము ఒక క్షణము నిలిచి, ఆ పేర పిలువబడినవాని నోటిమాట ఈ గ్రంథమున ఎక్కడనున్నదని వెదకుడు. దొరకకపోయినచో, మీ పొలముగట్టున నోరులేక నిలిచియున్న ఆ శిలావిగ్రహము ఆ పక్షపు సాక్షి యని ఎఱుంగుడు. దానిని పగులగొట్టకుడు, నిక్షేపమున్నదని దానిక్రింద త్రవ్వకుడు. ఊరి పెద్దలతో చెప్పి నీడనుంచుడు.